గానము, శాసనము, వస్త్రము: ముగ్గురు వనితల వృత్తాంతము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



"ప్రముఖుల జీవితములు" అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు వ్రాసినప్పుడు నేను కొంత సందేహించితిని. మన ప్రత్యేక సంచికలను తిరుగవేసి చూచితిని. ప్రతి యేటను ఛాయాపటముల వరుస యొక్కటే: వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు, శాసనసభ్యులు, విరాళమొసగిన దాతలు. వారందఱు గౌరవింపదగినవారే. ఆ వరుసలో నొక మూలను నా పటమును గలదు గావున వారిని నేను తక్కువ చేయజాలను. కాని పాట పాడి పేరు గాంచినవారి పటముగాని, వేషము దిద్ది పేరు గాంచినవారి పటముగాని నా కంటికి గానరాలేదు. స్త్రీల పటములన్ననో, వందన సమర్పణపు పుటలోనే కనబడినవి.

అందుచే నేడు మువ్వురు స్త్రీలను గూర్చి ముచ్చటింపదలచితిని. ఒకామె గాయని, ఒకామె రాజకీయములయందు పేరొందినది, ఒకామె వస్త్రాలంకరణ శిల్పమున, అనగా మనవారు ఫ్యాషనని తేలికగా త్రోసిపుచ్చు విద్యలో, లోకఖ్యాతి గడించినది. మువ్వురును మన సంఘమువారు గారు. కార్యదర్శిగారు క్షమింతురు గాక!

వీరి నొకచోట జేర్చుటకు నాకు దొరకిన సూత్రము 1921వ సంవత్సరము. ఆ యేట గాంధీ మహాత్ముడు కాకినాడకు వచ్చినప్పుడు పండ్రెండవ యేడు నడచుచున్న యొక బాలిక పెద్దలకు తోచని పని యొకటి చేసినది. ఆ యేటనే సెప్టెంబరు 22వ తేదీన మధురలో నాయన అంగీని, టోపీని విడిచి కొల్లాయి గట్టెను. ఆ యేటనే కావేరీ తీరమున తిరువయ్యారులో నొక గాయని త్యాగరాజస్వామి సమాధి నుద్ధరింప బూనుకొనెను. అరువదియొక సంవత్సరముల పిమ్మట ఆ కొల్లాయిని చలనచిత్రముకొఱకు మరల దీర్చి కట్టించిన స్త్రీ, ఆ నాటికింకను పుట్టియుండలేదు.

ముందుగా గాయనిని గూర్చి చెప్పెదను. బెంగుళూరు నాగరత్నమ్మ 1878లో మైసూరు సీమలోని నంజనగూడున జన్మించెను. దేవదాసీ కులమున బుట్టినది. బాల్యముననే సంస్కృతము, కన్నడము, తెలుగు నేర్చెను. విద్వాంసులయొద్ద సంగీతము నభ్యసించి, చెన్నపురికి వచ్చి, కచేరీలు చేసి ధనమును, కీర్తిని సంపాదించెను. ఇంతవఱకు ఆ కాలపు గాయనులు పలువురి చరిత్రయు నిట్లేయుండును. ఈమె వారిలో నొకతెగా నిలిచిపోకుండుటకు కారణ మొక పుస్తకము.

తంజావూరి ప్రతాపసింహ మహారాజు ఆస్థానమున, పదునెనిమిదవ శతాబ్దమున, ముద్దుపళని యను కవయిత్రి "రాధికా సాంత్వనము" అను శృంగార ప్రబంధమును తెలుగున రచించెను. కొన్ని పద్యములు తీసివేయబడిన ముద్రణ యొకటి అంతకుముందే యుండెను. నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, పోల్చిచూచి, విడిచిన పద్యములను జేర్చి పరిష్కరించి, 1910లో వావిళ్లవారిచే ప్రకటింపించెను. అంతట గొడవ బయలుదేఱినది. ఇది నీతిబాహ్యమైన గ్రంథమని పండితులలో కొందఱు పత్రికల కెక్కిరి. ప్రభుత్వము పుస్తకమును నిషేధించెను.

మహాజనులారా! ఆ కాలమున మగకవులు రచించిన శృంగార ప్రబంధములు మన విద్వాంసుల యిండ్లలో పీటలమీద నుండెడివి. పరీక్షలకు పఠనీయములుగా గూడ నుండెడివి. ముద్దుపళని మొదలే వీరేశలింగముగారివంటి మహనీయునిచే దూషింపబడినది. స్త్రీల యున్నతికై అంత పాటుపడిన పంతులుగారు ఈ యొక్కచోట తొట్రుపడిరని నా యభిప్రాయము. నాగరత్నమ్మ తన పీఠికయందు తిన్నగా ప్రశ్నించెను: సిగ్గు స్త్రీలకు మాత్రమేనా? పురుషులు వ్రాసిన దూషింపబడదా? ఈ ప్రశ్నకు నాడు సరియైన సమాధాన మెవరు చెప్పిరో నాకు కనబడలేదు. ప్రకాశము పంతులుగారు చెన్నరాష్ట్ర ప్రధానులుగ నున్న కాలమున, అనగా 1946-47లో గాని, ఆ నిషేధము తొలగిపోలేదు. ముప్పది యయిదేండ్లకు పైగా నొక తెలుగు కావ్యము చెఱలో నుండెను.

ఇక సమాధి సంగతి. త్యాగరాజస్వామి 1847 జనవరి 6వ తేదీన సిద్ధిపొందెను. ఆయన పాటలు తెలుగు మాటలు, వినువారు దక్షిణదేశమంతయు. ఆ సమాధి మాత్రము డెబ్బదియేండ్లు గడచునప్పటికి పాడుపడి ముండ్లపొదల పాలై యుండెను. ఆ సంగతి చెవిబడినతోడనే నాగరత్నమ్మ తిరువయ్యారునకు బోయెను. తన నగలమ్మెను, తన సొత్తు కరగించెను. స్థలము సంపాదించి, 1921లో పని యారంభించి, గుడి కట్టించి, 1925లో ప్రతిష్ఠ జరిపించెను. ఇంత చేసిన పిదప ఆరాధన దినమున ఏమి జరిగినదో వినుడు. అచట ఉత్సవము జరుపువారు రెండు పక్షములుగ చీలియుండిరి. వారికి పరస్పరము సరిపడదు. కాని యొక్క విషయమున నుభయులకు నైకమత్యము కుదిరినది: స్త్రీలు పాడరాదు. ఎవతె నగలతో గుడి లేచినదో, ఆమెయే యా గుడియెదుట నోరు మెదపరాదు!

ఆమె యలిగి యింటికి బోలేదు. స్త్రీల నందఱను గూడగట్టి, గుడి వెనుక తామే వేఱుగ ఉత్సవము నడపిరి. ఆ విధముగా మూడవ పక్షము, ఆడువారి పక్షము, ఏర్పడెను. 1940వ సంవత్సర ప్రాంతమున పక్షములన్నియు గలిసిపోయినప్పుడు స్త్రీలకు గూడ ప్రవేశము కలిగినది. ఈ దినమున పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారున పంచరత్న కీర్తనలను స్త్రీలు పురుషులతో కలిసి గొంతెత్తి పాడుచుండగా మనము దూరదర్శనములో చూచుచున్నాము. ఆ దృశ్యము వెనుక పదునైదేండ్ల యాడువారి పట్టుదల గలదని మనలో నెందఱకు తెలియును? 1952లో నామె గతించినది. తన యాస్తి నంతయు ఆ సన్నిధికే యొసగి, స్త్రీలకచట పూజ చేయుటకును పాడుటకును హక్కుండవలెనని మరణశాసనమున వ్రాయించెను. స్వామి సమాధికెదురుగ నామె శిలావిగ్రహము చేతులు మోడ్చి నేటికి గూర్చుండియున్నది.

రెండవయామె మనకు మిగుల దగ్గఱివారు. దుర్గాబాయి దేశముఖ్ 1909 జులై 15న రాజమహేంద్రవరమున జన్మించెను, పెరిగినది కాకినాడలో. ఎనిమిదవ యేట పెండ్లి చేసిరి. తెలివివచ్చిన పిదప ఆ కాపురమునకు నేను పోనని చెప్పివేయగా, తండ్రియు సోదరుడును ఆమె పక్షముననే నిలిచిరి. అట్టి తండ్రులు నేడు గూడ మనలో తఱచుగ లేరు.

ఇందాక జెప్పిన 1921 సంగతి యిది. గాంధీగారు వచ్చుచున్నారని విని యీ బాలిక, ఊరిలోని దేవదాసీలకును ఘోషాలోనుండు ముసల్మాను స్త్రీలకును వారి మాటలు వినిపింపవలెనని సంకల్పించెను. పెద్దలు నవ్విరి. ఐదువేల రూపాయల నిధి సమర్పించినచో మహాత్ములకు తీఱిక చిక్కునని చెప్పి పంపివేసిరి. పిల్ల మఱచిపోవునని వారి తలంపు. ఆ దేవదాసీ స్త్రీలే దినముల వ్యవధిలో సొమ్ము గూర్చిరి. సభ జరిగెను. కొద్ది నిమిషములని వచ్చిన మహాత్ముడు చాలసేపు నిలిచి మాటలాడెను. స్త్రీలు చేతి గాజులు, మెడలోని గొలుసులు తీసి యాయన ముందుంచిరి. ఆయన మాటలను తెలిగించినది ఈ బాలికయే. తరువాతి బహిరంగసభలో గూడ అనువాదమునకు పెద్దలుండగా నాయన యీమెనే నిలువబెట్టెను. హిందీ నేర్చుకొనుటయేగాక ఈమె యప్పటికే బాలికలకు, స్త్రీలకు దానిని నేర్పుచుండెను. గురువు చిన్నది, శిష్యురాండ్రు పెద్దలు!

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగెను. అందలి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమునొద్ద దుర్గాబాయి స్వచ్ఛందసేవకురాలు. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని యాజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూగారు వచ్చిరి. వారియొద్ద టిక్కెట్టు లేదు. ఆమె యడ్డగించెను. ఆహ్వానసంఘమువారు పరుగెత్తుకొనివచ్చి ఆమెను మందలించిరి. నాకిచ్చిన యాజ్ఞనే నెఱవేర్చితినని యామె బదులు చెప్పెను. టిక్కెట్టు కొనిన పిమ్మటనే నెహ్రూగారు లోనికి బోయిరి. ఆ పిల్ల ధైర్యమును మెచ్చుకొనిరి.

ఇచట నాదొక మనవి. నిన్న మన సభాద్వారమున నొక బాలిక నన్నాపి, నా పేరు చీటి యేదని యడిగినది. ముప్పదియేండ్లుగా ఈ సభలకు వచ్చుచున్నవాడను, నన్నే యడుగుదువా యని కసరుకొని లోనికి వచ్చితిని. రాత్రి ఈ యుపన్యాసమును సరిచూచుకొనుచుండగా నెహ్రూగారి టిక్కెట్టు దగ్గఱకు వచ్చునప్పటికి నా ముఖము నాకే చూపరానిదయ్యెను. ఆ బాలిక సభలోనుండినచో నన్ను మన్నించునుగాక. చీటి యిప్పుడు నా యంగీకి గలదు.

ఉప్పు సత్యాగ్రహమునందు ఈమె చెన్నపురిలో పాల్గొని కారాగారమునకు బోయెను. 1930 మొదలు 1933 వఱకు మూడుమారులు శిక్ష పడినది. మధుర కారాగారమున నేకాంతవాసము అనుభవించెను. అచట హత్యానేరమున శిక్షపడిన స్త్రీలను చూచెను. తమపై మోపిన నేరమేమో, దానికి విడుదల మార్గమేమో తెలియనివారు, వాదించుటకు దిక్కులేనివారు వారిలో పలువురు. న్యాయశాస్త్రము చదువవలెనను కోరిక యామెకు గలిగినది ఆ గోడలనడుమనే. బయటికి వచ్చిన పిమ్మట నామె చదువు మొదటినుండి యారంభింపవలసి వచ్చెను. కాశీ విశ్వవిద్యాలయమున మెట్రిక్యులేషను, తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పట్టము. విశాఖపట్టణమున స్త్రీలకు వసతిగృహము లేదు గావున చేర్చుకొనజాలమనిరట. ఆమె పత్రికలో ప్రకటన వేయించి, తనవలెనే వసతిలేక యాగిన బాలికలను గూర్చి, వారితో నొక వసతిగృహమును తానే నెలకొల్పినది. 1942లో చెన్నపురిలో న్యాయవాదిగ చేరెను. ఆంధ్ర మహిళాసభ 1937లోనే స్థాపింపబడియుండెను.

రాజ్యాంగ నిర్మాణసభలో నామె సభ్యురాలు. అధ్యక్షుడు లేనప్పుడు సభను నడపుట కేర్పడిన వరుసలో నేకైక స్త్రీ. ఆమె ప్రతిపాదించిన సవరణలలో నొకటి మాత్రము చెప్పెదను. రాజ్యసభకు నిలువవలెనన్న ముప్పదియైదేండ్లు నిండవలెనని ముసాయిదాలో నుండగా దానిని ముప్పదికి దింపవలెనని ప్రతిపాదించి నెగ్గించెను. నేటికి మన రాజ్యాంగమున నున్నది ముప్పదియే. పండ్రెండేండ్లనాడు పెద్దలచే పరిహసింపబడినవారికి గాని యిట్టి సవరణ తోచదు. 1952 ఎన్నికలలో నోడిపోయెను. అయినను ప్రణాళికా సంఘమున సభ్యురాలయ్యెను. 1953లో చింతామణి దేశముఖ్ గారిని వివాహమాడెను. ఆ యేటనే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి యధ్యక్షురాలయ్యెను. 1975లో పద్మవిభూషణ బిరుదము, 1981లో నిర్యాణము. ఈ పదవుల పట్టిక మీరెఱిగినదే గావున దీనిని పెంచను.

మూడవయామె పేరు మీలో కొందఱు వినియుండరు. భానూ అథయ్యా 1929లో కొల్లాపురమున జన్మించెను. తండ్రి అణ్ణాసాహెబ్ రాజోపాధ్యే చిత్రకారుడు. ఈమె బాల్యముననే గతించెను. ఈమె బొంబాయి జె. జె. చిత్రకళాశాలలో చదివెను. 1953లో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ అను ప్రసిద్ధ చిత్రకారుల ప్రదర్శనలో వారితో గూడ తన చిత్రములనుంచిన స్త్రీ యీమె యొక్కతెయే. జీవనమునకై స్త్రీల పత్రికలో వస్త్రముల బొమ్మలు గీయుచుండెను. బొమ్మలు గీయుట బట్టలు కత్తిరించుటగా మాఱెను. సినిమా నటీమణులు వచ్చి తమకును గుట్టుమనిరి. 1956లో "సి. ఐ. డి." చిత్రముతో మొదలిడి నూఱుకు పైగా చిత్రములకు వేషరచన చేసెను. "ప్యాసా", "గైడ్", "లగాన్" మొదలగునవి మీరు చూచియే యుందురు. "ఆమ్రపాలి" చిత్రమునకు ముందు అజంతా గుహలకు బోయి, గోడలమీది బొమ్మలలో వస్త్ర మెట్లు ముడివడినదో, నగ యెచట వ్రేలాడునో చూచి వచ్చి పని యారంభించెను. ఇది కుట్టుపనియో, పరిశోధనయో విద్వాంసులే చెప్పవలెను.

రిచర్డ్ అటెన్‌బరో దర్శకత్వమున 1982లో వెలువడిన "గాంధీ" చిత్రమున ఈమె పని యెట్టిదో చూడుడు. చిత్రమున బారిష్టరు గాంధీ కోటు, టై ధరించి దక్షిణాఫ్రికాలో రైలెక్కును. స్వదేశమునకు మరలునప్పుడు కాఠియావాడు పల్లెవాని అంగరఖా, తలపాగ. పిమ్మట కొల్లాయి. ఒక్క మనుష్యుని దేహముమీద వస్త్రము తగ్గుచు వచ్చుటయే ఆయన జీవితచరిత్ర. ఆ తగ్గుటను ప్రేక్షకునికి మాటలు లేకుండ తెలుపవలెను. కొత్త ఖద్దరు కొత్తదిగా కనబడరాదు. ఉతికి, వాడి, వడలినదిగా నుండవలెను. నూలు ముదుకగా నున్నచో నొక రీతిగను, సన్నముగా నున్నచో నొక రీతిగను దేహముమీద పడును. ఇవి యన్నియు తెలిసినవారికే యా పని చేతనగును. ఖద్దరు తెలుపంతయు నొక్కటే తెలుపని తలచువాడు పొందూరు సన్నఖద్దరును ఒక్కమారు చేతబట్టి చూడవలెను.

1983 ఏప్రిలులో, ఆ చిత్రమునకు, జాన్ మోల్లో యను నాంగ్లేయ శిల్పితో గూడ నీమెకు ఆస్కార్ బహుమానము లభించెను. భారతదేశమున దానిని పొందినవారిలో ప్రథమురాలు ఈమె. నటుడు గాడు, దర్శకుడు గాడు, సంగీతకర్త గాడు. బట్టలు కత్తిరించిన స్త్రీ! 2012లో, తన తదనంతర మా ప్రతిమ భద్రముగ నుండదేమో యను చింతచే దానిని అమెరికాలోని అకాడమీవారికే తిరిగి పంపివేసెను. 2020 అక్టోబరు 15న బొంబాయిలో గతించెను. ఆ ప్రతిమను దాచుకొనుటకు ఇంత దేశమున నమ్మకమైన చోటొకటి యామెకు కనబడకపోయెను గదా యని తలచినప్పుడు నాకు మనసు చివుక్కుమనును.

పోషక మహాశయులారా! ఇప్పుడొక యప్రియమైన సంగతి విన్నవింపవలసియున్నది. మూడేండ్ల క్రిందట మన విద్యానిధికి ఒక బాలిక దరఖాస్తు పంపినది. తండ్రి లేడు, తల్లి రవికలు కుట్టి పిల్లను ఇంటరువఱకు చదివించినది. వస్త్రరూపకల్పన నేర్పు కళాశాలలో నామెకు ప్రవేశము దొరకినది. రుసుము కట్టలేక మనల నాశ్రయించినది. దరఖాస్తుతోడ తాను గీసిన యెనిమిది బొమ్మలు పంపినది. మన నిబంధనలలో వృత్తివిద్య యనగా వైద్యము, ఇంజనీరింగు, న్యాయము, వ్యవసాయము అని యున్నది. ఉపసంఘమున మేము ముగ్గురము. దరఖాస్తును త్రోసివేయుటకు అయిదు నిమిషములు పట్టలేదు. బదులు వ్రాసినది నేను. "ఇది విద్య గాదు, కుట్టుమిషను కావలసినచో మహిళా విభాగమునకు వేఱుగ దరఖాస్తు చేసికొనవచ్చును" అని వ్రాసితిని. బొమ్మలను గూడ తిరిగి పంపివేసితిని. వానిని సరిగా చూచినట్లు గూడ నాకు జ్ఞాపకము లేదు.

ఆ బాలిక మరల వ్రాయలేదు. ఆమె యిప్పుడొక పట్టణమున సిద్ధవస్త్రముల దుకాణములో చీరలకు అంచు కుట్టుచున్నదని మొన్న నాకు తెలిసినది. నేను పోయి చూచివచ్చితిని. నన్నామె గుర్తింపలేదు, పేరు చెప్పుకొనుటకు నాకు నోరాడలేదు. నాలుగు చీరలకు అంచు కుట్టించుకొని, కూలి యిచ్చి వచ్చితిని. కుట్టు మిక్కిలి సన్నముగ నున్నది.

సంగీతము నేర్చు బాలురకుగూడ మన నిబంధనలలో తావు లేదు. వయొలిను నేర్చెదనని వ్రాసిన బాలునికి ఇంజనీరింగులో సీటు తెచ్చుకొనుమని బదులు పోయినట్లు దస్త్రములలో నున్నది. ఆ జాబు క్రింద నున్నదియు నా సంతకమే.

రేపు ఉదయము జరుగు సర్వసభ్యసభలో విద్యానిధి నిబంధనలలో "వృత్తివిద్య" యను మాటకు తరువాత "సంగీతము, చిత్రకళ, వస్త్రరూపకల్పన మొదలగు కళలును" అని చేర్చవలెనని నేను సవరణ ప్రతిపాదించుచున్నాను. ఏటికి రెండు వేతనములు ఈ కళలకై ప్రత్యేకింపవలెనని గూడ అందులో గలదు. మొదటి సంవత్సరపు వేతనములలో నొకదానికి నా పింఛనునుండి సొమ్ము చెల్లించితిని. కోశాధికారిగారి రసీదు నా యొద్ద నున్నది. రెండవదానికి దాత కావలెను. సవరణను బలపఱచుటకు నొకరు కావలెను. బలపఱచువారు స్త్రీ యైనచో నాకు సంతోషము. ఆ పాత జాబుల నకళ్లు రెండును కార్యాలయపు బల్లమీద నుంచితిని. ఓటు వేయుటకు ముందు చదువదలచినవారు చదువవచ్చును.